ఈల వేసేవాడు లేని పండగ

చివరిసారి ఆ చిత్రోత్సవం 2021లో జరిగింది. సర్టిఫికెట్లు ఉన్నాయి కాబట్టి జరిగినట్టే లెక్క. పీడీఎఫ్‌లో వచ్చిన ఆ సర్టిఫికెట్ల మీద విశ్వవిద్యాలయం ముద్ర ఉంది, స్కాన్ చేసి అతికించిన సంతకాలున్నాయి, విజేత ఇంటిపేరులో ఒక అచ్చుతప్పు కూడా ఉంది. లేనిదల్లా సినిమాలు చూసిన మనుషులే.

ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను, కోస్తాలోది అంటే చాలు. పేరు చెప్పినా పెద్ద తేడా ఉండదు. తెలుగు కుర్రాళ్ల షార్ట్ ఫిల్మ్ అనే చిన్న రాజ్యం ఏయే ఊళ్లలో కోటలు కట్టుకుందో, అన్నిచోట్లా కాస్త అటూ ఇటూగా ఇదే కథ. నన్ను కొన్నేళ్లు జడ్జిగా పిలిచారు. కోట లోపలి సంగతులు నాకు తెలిసింది అలాగే.

పుట్టుక నుంచి చెప్పాలి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందల దరిదాపులకు చేరాయి. ఎంసెట్ ర్యాంకు ఎంతైనా ఎక్కడో ఒకచోట సీటు దొరికే రోజులు. ఇంట్లోవాళ్ల మాట కాదనలేక చేరి, మొదటి సెమిస్టర్ పూర్తయ్యేసరికే ఇది మనకు పడే చదువు కాదని తెలిసిపోయి, వెనక్కి వెళ్లే ముఖం లేక హాస్టల్లోనే ఉండిపోయిన పిల్లలు వేలల్లో ఉండేవారు. సరిగ్గా అప్పుడే వాళ్ల చేతికి కెమెరా దొరికింది. 2008లో కెనాన్ 5డి మార్క్ 2 వచ్చింది, 2010లో దాని చిన్న తమ్ముడు 550డి వచ్చాడు. ఫొటోలు తీసే కెమెరాలే, వీడియో కూడా సినిమా తీరులో తీసేవి. మన దగ్గర వాటిని ముందుగా కొన్నది పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు. మూఢంలోనూ ఆషాఢంలోనూ పెళ్లిళ్లుండవు, కెమెరాలు ఖాళీగా పడుంటాయి, బేరమాడితే అద్దె తగ్గుతుంది. లోకమంతా మంచిరోజు కోసం ఎదురుచూస్తుంటే వీళ్లు మాత్రం పంచాంగం తిరగేసి మూఢం ఎప్పుడొస్తుందా అని చూసేవారు. తెలుగు షార్ట్ ఫిల్మ్ సగం ఆషాఢంలోనే పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

550డిలో 12 నిమిషాలకు క్లిప్ దానంతటదే ఆగిపోయేది. ఎండాకాలం కెమెరా వేడెక్కి మొరాయించేది. 50 ఎంఎం లెన్సు పెడితే మనిషి ముఖం ఒక్కటే తేటగా ఉండి వెనకంతా మసకబారేది. ఆ మసక చూసి, సినిమా అంటే ఇదేననుకున్నాడు ప్రతివాడూ. ట్రాలీ లేక బండి వెనక తిరిగి కూర్చుని తీసిన ట్రాకింగ్ షాట్లు, రిఫ్లెక్టర్ లేక పట్టుకున్న థర్మోకోల్ అట్టలు, హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని సెల్‌ఫోన్‌లో చెప్పిన డబ్బింగు. యూట్యూబ్‌లో ఖాతా వెరిఫై చేయించుకోకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కేది కాదు. చాలా కథలకు ఆ హద్దే మేలు చేసిందని నా నమ్మకం.

రాజ్యం పెరిగింది. విశాఖ కుర్రాడు రాజ్ తరుణ్ యాభైకి పైగా షార్ట్ ఫిల్ములు చేసి 2013 చివర్లో 'ఉయ్యాల జంపాల'తో హీరో అయ్యాడు. అదే ఏడాది 'వైవా' అనే చిన్న వీడియోతో హర్ష ఇంటింటి మనిషైపోయాడు. షార్ట్ ఫిల్ములు తీస్తూ వచ్చిన సుజీత్ 2014లో 'రన్ రాజా రన్' తీశాడు. ఫణీంద్ర నర్సెట్టి 'మధురం' చూసి కెమెరా అద్దెకు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలిసే చాలామంది. 2015లో తరుణ్ భాస్కర్ 'సైన్మా' తీశాడు. మరుసటి ఏడు 'పెళ్లిచూపులు' వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పట్టుకుపోయింది. మేనమామ నిర్మాత కానక్కర్లేదు, కృష్ణానగర్‌లో చెప్పులరగదీయక్కర్లేదు అన్న మాట అప్పుడే హాస్టళ్లన్నిటికీ పాకింది.

వాళ్లంతా ఇంటర్నెట్‌లోనే కనిపించారు. పండగ మాత్రం హాల్లోనే జరిగేది.

నేను చెబుతున్న విశ్వవిద్యాలయంలో ఆ పండగ ఏటా మిడ్ పరీక్షలకు ముందు, మూడు రోజులు. దానికి ఆఫీసు లేదు, బడ్జెట్ లేదు. జర్నలిజం విభాగంలో ఓ మూల ఇనప బీరువా, అందులో ఓ హార్డ్ డిస్కు, ఒక పాత స్పీకర్ల జత, కిందటేడు మిగిలిన ఫ్లెక్సీ. ఆ బీరువా తాళంచెవి ఏటా మూడో సంవత్సరం వాడి దగ్గర్నుంచి రెండో సంవత్సరం వాడి చేతికి వెళ్లేది. సెమినార్ హాల్ కిటికీలకు నల్ల చార్టులు అతికించేవారు. మధ్యాహ్నానికి గమ్ ఎండి ఒకటి ఊడేది, తెర మీద చీలికలా ఎండ పడేది, వెనక వరసలోంచి ఎవడో పరిగెత్తుకెళ్లి మళ్లీ అతికించేదాకా సినిమా అలాగే నడిచేది. ప్రొజెక్టర్‌లో ఎరుపు సరిగా పలికేది కాదు. నెత్తురంతా బురద రంగులో ఉండేది. హత్య కథలు తీసినవాళ్లు లబోదిబోమనేవారు.

ఇక చూసేవాళ్లు. తెలుగునాట సినిమా చూడ్డమంటే నోరు మూసుకుని చూడ్డం కాదు కదా. 'ఎ ఫిల్మ్ బై' అని పడగానే ఆ పేరుగల వాడి హాస్టల్ బ్లాకు మొత్తం ఈలలు. హీరో ఫ్రేములోకి రాగానే "రేయ్, మెస్ బిల్లు కట్టరా ముందు!" అని ఓ కేక. రాత్రి సీనులో రెండు పక్కల్నుంచీ వెలుగు పడితే, "మామా, మీ ఊళ్లో ఇద్దరు చంద్రుళ్లా?" అంటూ ఇంకొకడు. అంత గోలలోనూ నిజంగా బాగున్న చోటు వస్తే హాలు దానంతటదే సర్దుకునేది. ఆ సద్దుమణగడం చూశాక నాలాంటి జడ్జీల మార్కుల కాగితానికి విలువేముందనిపించేది.

సినిమా అయ్యాక దర్శకుడు మైకు పట్టుకుని నిలబడాలి. అది ఆనవాయితీ. ఓసారి మొదటి సంవత్సరం కుర్రాడు లేచాడు.

"అన్నా, చివర్లో ఆ అక్క ఎందుకు చచ్చిపోయింది?"

"అంటే... అది సింబాలిక్‌గా..."

"నిజం చెప్పన్నా, డేట్స్ లేవు కదా?"

హాలు పైకప్పు ఎగిరిపోయింది. దర్శకుడి చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత వాడూ నవ్వేశాడు. "సప్లీ రాయడానికి ఊరెళ్లిపోయిందిరా, ఏం చేయమంటావ్" అని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు వాడు తెచ్చిన కథలో ఎవరూ చావలేదు. ఆ అమ్మాయే ఉంది, ఇద్దరూ బస్టాండులో కూర్చుని బస్సు కోసం ఎదురుచూస్తూ గొడవపడతారు, అంతే. ఆ ఏడు మొదటి బహుమతి దానిదే. ఏ ఫిల్మ్ స్కూల్లోనూ ఇంత చవగ్గా, ఇంత త్వరగా పాఠం చెప్పరు.

పతనానికి కరోనాను తిట్టడం తేలిక. చాలామంది అదే చేస్తారు. నేనొప్పుకోను. పురుగు అంతకు ముందే చేరింది, అదీ మన విజయం వెంటే చేరింది. రాజ్ తరుణ్, సుజీత్, తరుణ్ భాస్కర్ గెలిచాక షార్ట్ ఫిల్మ్ ఒక గమ్యంగా మిగల్లేదు, నిర్మాత బల్ల మీద పెట్టే విజిటింగ్ కార్డు అయిపోయింది. ప్రసాద్ ల్యాబ్స్‌లో ప్రీమియర్ వేసి సినిమావాళ్లను పిలవడం మొదలైంది. తోటి కుర్రాడి ఈల కంటే ముందు వరసలో కూర్చున్న సహ నిర్మాత ఫోన్ నంబరు ముఖ్యమైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా నీళ్లలా పారాక చూసేవాళ్లు లక్షల్లోకి పెరిగారు, వాళ్లను పట్టుకోవడానికి కథ కన్నా థంబ్‌నెయిల్ అక్కరకొచ్చింది. బస్టాండులో బస్సు కోసం ఎదురుచూసే సినిమాకు కూడా సినిమాలో లేని ముద్దు బొమ్మ పెట్టాల్సి వచ్చింది. 2018 జనవరిలో యూట్యూబ్ కొత్త నిబంధన తెచ్చింది. వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల డబ్బు. ఏడాదికి ఒక్క సినిమా తీసే హాస్టల్ కుర్రాడికి ఆ లెక్క ఏ జన్మకీ తేలదు. వాడు వెళ్లి పెద్ద ఛానెల్ గుమ్మంలో నిలబడ్డాడు. ఛానెల్ వాడికి వెబ్ సిరీస్ కావాలి, వారం వారం కావాలి.

అదే ఏడాది జూన్‌లో 'ఈ నగరానికి ఏమైంది' విడుదలైంది. షార్ట్ ఫిల్మ్ తీద్దామని కలగని, చెదిరిపోయి, తాగి తూలుతూ గోవాలో తేలిన నలుగురు స్నేహితుల కథ. హాల్లో నవ్వారు జనం. నాకైతే, పోయినవాళ్ల గురించి వాళ్లు పోకముందే రాసిన సంతాపంలా కనిపించింది. 2023లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండిపోయాయి, డైలాగు డైలాగుకీ కోరస్. ఎవరి కోసం అరిచారో వాళ్లకు తెలుసో లేదో.

అలా అప్పటికే నీరసించి ఉన్నదాని మీద 2020 వచ్చి పడింది. మార్చి మధ్యలో కాలేజీలు మూశారు. లోకంలో పెద్ద పండగలే కూలుతున్న రోజులవి. అమెరికాలో ఆస్టిన్ నగరపు సౌత్ బై సౌత్‌వెస్ట్ మొదలవడానికి సరిగ్గా వారం ముందు రద్దయింది. ఎంపికైన సినిమాల్లో కొన్నిటిని తర్వాత అమెజాన్‌లో పది రోజులు ఉచితంగా చూపించారు. చాలామంది దర్శకులు మాత్రం ఇవ్వలేం అన్నారు. ఒకసారి నెట్‌లో చూపిస్తే కొనేవాడు ఉండడన్న భయం వాళ్లది. కాన్ ఉత్సవం వాళ్లు తమ పండగకు ఆన్‌లైన్ అన్న మాటే ఎత్తనివ్వలేదు. మే 29 నుంచి జూన్ 7 దాకా 'వి ఆర్ వన్' అని కాన్, బెర్లిన్, వెనిస్, ముంబై లాంటి ఉత్సవాలన్నీ కలిసి యూట్యూబ్‌లో ఒక ఉమ్మడి పండగ చేశాయి. విద్యార్థి సినిమా వరకు ఆ ఏడాది మనకు దక్కిన మంచి వార్త ఒక్కటే. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థిని అశ్మిత గుహ నియోగి తీసిన 'క్యాట్‌డాగ్'కు కాన్ ఉత్సవం సినీ పాఠశాలల విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. మేలో జరగాల్సిన ప్రదర్శన అక్టోబరులో, నాలుగు ఫీచర్ సినిమాల పొట్టి పండగగా సర్దుకున్న కాన్‌లో జరిగింది. ఆలస్యమైనా తెర మీదే జరిగింది. చిన్నదైనా హాలు హాలే.

మనవాళ్లు ఆన్‌లైన్‌కు పోయారు. పోక ఏం చేస్తారు. ఫిల్మ్ క్లబ్ పిల్లలు గూగుల్ ఫారం చేశారు, పోస్టరు చేశారు, "ఈసారి ప్రపంచమంతా మన ప్రేక్షకులే" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. పాడె దింపి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారే, ఆ దింపుడు కళ్లం ఆశ లాంటిదే అదీ. కానీ అప్పుడు నాకూ అలా అనిపించలేదు. హాలు రెండొందల మందికి మించి పట్టదు, నెట్‌కు గోడలు లేవు, ఇంకా మేలే కదా అనుకున్నాను.

ఎంట్రీలు ఎప్పటికన్నా ఎక్కువ వచ్చాయి. దాదాపు అన్నీ ఒక గది, ఒక మనిషి, ఒక మాస్కు. చివర్లో తలుపు కొట్టింది పోలీసు, లేదా చనిపోయిన నాన్న. సగం లింకులు తెరిస్తే 'అనుమతి కావాలి' అని వచ్చేది. అనుమతి అడిగితే ఆ పిల్లవాడి ఊళ్లో సిగ్నల్ లేక రెండు రోజులకు ఇచ్చేవాడు. ఇంట్లో లాప్‌టాప్‌లోనే, వంటింటి కుక్కర్ కూతల మధ్య సినిమాలు చూశాను. ఆపి, లేచి, టీ పెట్టుకుని, మళ్లీ చూశాను. హాల్లో ఎప్పుడూ అలా ఆపలేదు. ఆపే వీలు లేదు కాబట్టే ఆ సినిమాలను గౌరవించానేమో అని ఇప్పుడనిపిస్తోంది.

వాటి మధ్య ఒక్క సినిమా ఉంది. శ్రీకాకుళం వైపు కుర్రాడు ఫోన్‌లో తీశాడు. వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టర్. ఆ మార్చి 22 నుంచి మే మూడో వారం దాకా బస్సుల్లేవు. ఆయన పొద్దున్నే లేచి యూనిఫాం వేసుకోడు, కానీ గడ్డం గీసుకుంటాడు. మధ్యాహ్నం మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ స్టేజీల పేర్లు వరసగా గొణుక్కుంటాడు. భార్య బియ్యం ఏరుతూ, "ఆ ఊరు దాటేశావు, మళ్లీ చెప్పు" అంటుంది, తల ఎత్తకుండా. చివరి షాట్‌లో సాయంత్రం చిన్న కూతురు వీధిలో సైకిల్ ఎక్కి కదలకుండా కూర్చుంటుంది. అరుగు మీది నుంచి ఆయన జేబులో చెయ్యి పెట్టి విజిల్ తీసి ఊదుతాడు. రెండుసార్లు. రైట్ రైట్. సైకిల్ కదులుతుంది. అంతే సినిమా.

ఆ విజిల్ సెమినార్ హాల్లో మోగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. వెనక వరసలోంచి ఒకడు తిరిగి ఈల వేసేవాడు, తర్వాత పదిమంది, తర్వాత హాలంతా. కండక్టర్ల పిల్లలు ఆ హాల్లో కనీసం అరడజను మంది ఉండేవారు. సినిమా తీసినవాడిని భుజాల మీద కూర్చోబెట్టుకుని క్యాంటీన్ దాకా తీసుకెళ్లేవారు. నేను చూసిన అన్నేళ్లలో అలాంటి ఊరేగింపులు జరిగాయి, ఇంతకన్నా తక్కువ సినిమాలకు.

ముగింపు సభ జూమ్‌లో పెట్టారు. ఉచిత ఖాతా, 40 నిమిషాలకు తెగిపోతుంది. అతిథి ఉపన్యాసం, "సార్ మీరు మ్యూట్‌లో ఉన్నారు", మళ్లీ అతిథి ఉపన్యాసం. వాటికే అరగంట పోయింది. ఈ సినిమాను స్క్రీన్ షేర్ చేస్తే శబ్దం రాలేదు, విజిల్ మోగలేదు. సైకిల్ ఎందుకు కదిలిందో ఎవరికీ అర్థమై ఉండదు. చూస్తున్నవాళ్ల అంకె ఇరవైకీ ముప్పైకీ మధ్య కొట్టుకుంటోంది, అందులో సగం నల్ల పెట్టెలు. చాట్‌లో మూడు చప్పట్ల బొమ్మలు, ఒక "సూపర్ బ్రో". ఆ కుర్రాడు డాబా మీద నిలబడి ఉన్నాడు, సిగ్నల్ అక్కడే వస్తుందట, వెనక నీళ్ల ట్యాంకు కనిపిస్తోంది. "మాట్లాడు నాయనా" అన్నారు ప్రొఫెసర్. వాడు నోరు తెరిచే లోపల 40 నిమిషాలు అయిపోయాయి. కొత్త లింకు పంపారు. దాంట్లోకి నేనూ, ప్రొఫెసరూ, ఇద్దరు వాలంటీర్లూ వచ్చాం. వాడు రాలేదు.

2021 పండగ ఇంకా పల్చన. రెండో వేవ్ రోజులు. ఇళ్లల్లో మనుషులు పోతుంటే సినిమాల గురించి ఎవరడుగుతారు. ఎంట్రీలు వచ్చాయి, ఫలితాలు వచ్చాయి, ప్రదర్శన మాత్రం "లింకులు కింద ఇచ్చాం, వీలు చూసుకుని చూడగలరు" అన్న ఒక్క వాక్యంతో సరిపోయింది.

క్యాంపస్ మామూలుగా తెరుచుకునేసరికి 2022. అందరూ అనుకున్నట్టే నేనూ అనుకున్నాను, మళ్లీ మొదలవుతుందని. ఇక్కడే అసలు దెబ్బ ఉంది. నాలుగేళ్ల కోర్సు. అందులో రెండేళ్లు క్యాంపస్ ఖాళీ. హాల్లో పండగ చేయడం తెలిసిన చివరి బ్యాచ్ ఆఖరి సెమిస్టర్లు ఊళ్లల్లో కూర్చుని రాసేసి, వీడ్కోలు లేకుండానే వెళ్లిపోయింది. మూడో సంవత్సరం వాడు రెండో సంవత్సరం వాడి చేతిలో పెట్టాల్సిన తాళంచెవి ఎవడి ఇంట్లోనో ఉండిపోయింది. నల్ల చార్టులకు ఏ గమ్ వాడాలి, ప్రొజెక్టర్ ఏ విభాగాన్ని అడగాలి, ఏ వార్డెన్‌ను బతిమాలితే అమ్మాయిలను రాత్రి ఎనిమిదింటి దాకా ఉండనిస్తారు, దర్శకుణ్ని ఎంత గట్టిగా ఏడిపించాలి, ఎక్కడ ఆపాలి, ఇవేవీ ఏ కాగితం మీదా లేవు. ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి వెళ్లాల్సినవి. కొత్తగా వచ్చిన పిల్లలకు అక్కడ ఒకప్పుడు పండగ ఉండేదన్న సంగతే తెలియదు. తెలియనిదాన్ని పోగొట్టుకున్నామని ఎవరేడుస్తారు?

వాళ్ల చేతిలో వేరేది ఉంది. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించారు, జులైలో రీల్స్ దిగింది, సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో అన్నిటికన్నా ముందు మన దేశంలోనే పరీక్షకు పెట్టింది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం వార్షికోత్సవంలో రీల్స్ పోటీ ఉంది, స్పాన్సర్ ఉన్నాడు, బహుమతి మొత్తం మా రోజులకంటే చాలా ఎక్కువ. పిల్లల్లో తెలివికి కొదవేమీ లేదు. కత్తిరింపులో వీళ్ల చేతివాటం చూస్తే మా 550డి రోజుల ఎడిటర్లు సిగ్గుపడాలి. గెలిచినవాళ్లూ గెలుస్తూనే ఉన్నారు. ఆ 2020 అక్టోబరులోనే సందీప్ రాజ్, సుహాస్ షార్ట్ ఫిల్ముల దారిలోంచి వచ్చి 'కలర్ ఫొటో'తో ఆహాలో కనిపించారు, జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారు. వ్యక్తులు దాటిపోయారు. నేను ఏడుస్తున్నది వాళ్ల గురించి కాదు, "డేట్స్ లేవు కదన్నా" అని అడిగిన ఆ మొదటి సంవత్సరం కుర్రాడి గురించి. వాడికి ఇప్పుడు కామెంట్ల పెట్టె ఉంది, కానీ అక్కడ వాడు అడిగితే దర్శకుడు బ్లాక్ చేస్తాడు.

ఈ మధ్య ఒక పుస్తకం పని మీద ఆ కండక్టర్ సినిమా మళ్లీ చూడాల్సి వచ్చింది. లింకు తెరుచుకోలేదు. ఆరా తీస్తే తెలిసింది. ఎంట్రీలన్నీ కాలేజీ ఖాతా డ్రైవ్‌లో ఉండేవి. విద్యాసంస్థలకు అపరిమితంగా ఇచ్చిన స్థలాన్ని గూగుల్ 2022 జులై నుంచి సంస్థకు 100 టెరాబైట్లకు కుదించింది. చదువైపోయిన విద్యార్థుల ఖాతాలను విశ్వవిద్యాలయం వరసగా తీసేసింది, వాటితోపాటు అవీ పోయాయి. విచిత్రమేమిటంటే బీరువా తాళం పగలగొట్టి చూస్తే పాత హార్డ్ డిస్కు పని చేస్తోంది. 2012 నాటి ఇద్దరు చంద్రుళ్ల సినిమా భద్రంగా ఉంది. ఆన్‌లైన్‌లో జరిగిన రెండేళ్లవే లేవు.

ఎలాగో నంబరు పట్టుకుని ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మీటింగులో ఉన్నానని సాయంత్రం తనే చేశాడు. తీసిన ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశానన్నాడు. యూట్యూబ్‌లో పెట్టలేదా అంటే, పండగ నిబంధనల్లో పెట్టకూడదని ఉంది కదా సార్, తర్వాత పెడదామనుకుని మర్చిపోయాను అన్నాడు. వాళ్ల నాన్న 2023లో రిటైరయ్యారట. కాసేపు ఆగి వాడే అడిగాడు:

"మీరు జడ్జి కదా సార్, మీ దగ్గర కాపీ ఉండి ఉంటుందేమో చూస్తారా? అమ్మ ఒకటే అడుగుతోంది."

చూశాను. నా దగ్గరున్నది కూడా ఆ లింకే.